ఫ్యామిలీ లింక్: ఎనిమిది నెలలు వాడిన ఒక కండక్టర్ అమ్మ మాట

నేను దేవరకొండ డిపోలో కండక్టర్‌ని. కొండమల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్ ఎంజీబీఎస్‌కు పోయి వచ్చే బస్సు నాది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలై ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం అయ్యాక బస్సులో కాలు పెట్టే చోటు ఉండదు. ఆధార్ చూడాలి, టిమ్ మిషన్‌లో జీరో టికెట్ కొట్టాలి, అంతలో తర్వాతి స్టేజీ వస్తుంది. ఇంటి నుంచి ఫోన్ వచ్చినా ఎత్తలేను. మా ఆయన బత్తాయి తోట పనిలో ఉంటాడు. ఇంట్లో ఉండేది మా అత్తమ్మ, తొమ్మిదో తరగతి చదివే పాప, ఐదో తరగతి బాబు. నైట్ అవుట్ పడిందంటే నేను ఇల్లు చేరేది మర్నాడే.

ఫ్యామిలీ లింక్ అంటే పిల్లల ఫోన్ వాడకాన్ని అమ్మానాన్నలు తమ ఫోన్ నుంచే చూసుకునే యాప్. పిల్లల పక్కనే ఉండి చూసుకోగల తల్లులకు ఈ యాప్ ఎంత అవసరమో నేను చెప్పలేను. నాలాగా రోజంతా బయట ఉండేవాళ్ల కోసం రాస్తున్నాను. ఫ్యామిలీ లింక్ గూగుల్ వాళ్లది, డబ్బు కట్టక్కర్లేదు. 2025 జూన్‌లో పెట్టుకున్నాను.

పెట్టుకోవడానికి కారణం ఆ ఏడాది ఎండాకాలం సెలవుల్లో జరిగింది. పాప ఫోన్‌లో ఒక ఆట ఆడేది. ఆ ఆటలోనే మాట్లాడుకునే వీలుంది. అందులో ఒకరు పరిచయమయ్యారు. ఖమ్మంలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయినని చెప్పారు. పది రోజులు ఆట గురించే మాట్లాడారు. ఆ తర్వాత వేరే యాప్‌లోకి రమ్మన్నారు. అక్కడ ఫోటో అడిగారు. పాప స్కూల్ యూనిఫాంలో ఉన్న ఫోటో పంపింది. అది చేరిన రెండో రోజే మాట మారింది. ఇంకో రకం ఫోటోలు పంపకపోతే దీన్నే మార్చి స్కూల్ వాళ్లందరికీ పంపుతామని బెదిరింపు. అవతల ఉన్నది అమ్మాయి కాదని అప్పటికి పాపకు అర్థమైంది.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం తినలేదు, కడుపు నొప్పి అన్నది. అత్తమ్మ వాము నీళ్లు తాగించింది. ఐదో రోజు రాత్రి నేను డ్యూటీ దిగి వచ్చి పక్కన పడుకుంటే, చీకట్లో చెప్పింది. అంతా విన్నాక నేను అడిగింది ఒక్కటే. "మొదటి రోజే నాకెందుకు చెప్పలేదు బిడ్డా?"

"చెప్తే ఫోన్ గుంజుకుంటవని."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. నా బిడ్డ ఆ దుర్మార్గుడి కంటే నాకే ఎక్కువ భయపడ్డది. అందుకే ఆ తర్వాత ఏ యాప్ చూసినా నాకు నేను వేసుకున్న ప్రశ్న ఇదే: ఇది పెట్టుకుంటే, రేపు ఏదైనా జరిగితే పిల్ల నా దగ్గరికి తొందరగా వస్తుందా, ఇంకా దూరం పోతుందా? ఈ రివ్యూ అంతా ఆ కొలతతోనే రాస్తున్నాను.

ముందు మేం ఏం చేశామో చెప్పాలి, ఇంకెవరికైనా పనికొస్తుంది. నాకు వచ్చిన మొదటి ఆలోచన అన్నీ డిలీట్ చేసి, సిమ్ విరగ్గొట్టి పారేయడం. అది చేయనందుకే మేలైంది. పోలీసుల షీ టీమ్ మేడం ఒకామె, మెసేజ్‌లు ఉన్నవి ఉన్నట్టు స్క్రీన్‌షాట్లు తీయమన్నారు, అవతలి వాళ్ల యూజర్ పేరు, ప్రొఫైల్ లింక్ రాసి పెట్టుకోమన్నారు, జవాబు ఇవ్వొద్దన్నారు, అన్నీ భద్రం చేశాకే బ్లాక్ చేయమన్నారు. సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలకు వేరే భాగం ఉంది. ఫిర్యాదు అందులో పెట్టాం. 1930 నంబర్ సైబర్ నేరాలది, 1098 పిల్లల హెల్ప్‌లైన్. పిల్లల్ని ఇలా వేధించేవాళ్ల మీద పోక్సో చట్టం ఉంది, ఐటీ చట్టంలో 67బి సెక్షన్ ఉంది. పాప విషయం కాబట్టి కేసు గురించి ఇంతకు మించి రాయను.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల ఫోటో ఏదైనా చెడ్డగా బయటికి పోయిందన్నా, పోతుందన్నా 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సర్వీసు ఉంది. అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం 2023లో మొదలుపెట్టింది. ఫోటోను వాళ్లకు పంపనక్కర్లేదు. మన ఫోన్‌లోనే ఆ ఫోటోకు వేలిముద్ర లాంటి ఒక సంకేతం తయారవుతుంది, అది మాత్రమే వాళ్లకు చేరుతుంది. అందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి కంపెనీలు ఆ సంకేతంతో సరిపోలే ఫోటో తమ దగ్గర కనిపిస్తే తీసేస్తాయి. మాకు అంత అవసరం పడలేదు. కానీ ఉందని తెలిశాక పాప ఆ రాత్రి నిద్రపోయింది.

ఫ్యామిలీ లింక్ కంటే ముందు నేను ఒక తప్పు చేశాను. డబ్బు కట్టి ఇంకో యాప్ కొన్నాను. దాని పేరు రాయను. ఏడాదికి రెండు వేల పైచిలుకు. ప్లే స్టోర్‌లో దొరకదు, వాళ్లు పంపిన లింకు నుంచి దించుకోవాలి, ఫోన్‌లో రక్షణ కోసం ఉండే ప్లే ప్రొటెక్ట్‌ను ఆపేయమని వాళ్లే చెబుతారు. పాప ఫోన్‌లో ఆ యాప్ గుర్తు కనిపించదు. ఆమె ఎవరికి ఏం రాసినా నా ఫోన్‌లోకి వచ్చేస్తుంది. పాప స్నానానికి పోయినప్పుడు ఎక్కించాను.

మూడో రోజు ఎంజీబీఎస్‌లో బస్సు ఆగి ఉంది. ప్లాట్‌ఫాం మీద టీ తాగుతూ పాప మెసేజ్‌లు చదివాను. స్నేహితురాలికి రాసుకున్నది: "మా అమ్మకు పాపం కాళ్లు వాస్తున్నయి. ఆమెకు నా గురించి ఇంకో టెన్షన్ పెట్టొద్దు." నా కోసం రాసిన మాట కాదది. నాకు తెలియకుండా దాచుకున్న మాట. దొంగతనం చేసినట్టే అనిపించింది. పైగా నా బిడ్డ మాటలన్నీ నా ఫోన్‌కు రాకముందు ఎవరి సర్వర్‌లో ఆగుతున్నాయో నాకేం తెలుసు? పరాయివాడు చూశాడని భయపడి ఇంకో పరాయివాడికి తాళం ఇచ్చినట్టయింది. ఇంటికొచ్చి తీసేశాను, పాపకు కూడా చెప్పాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. రెండు వేలు పోయినందుకు బాధ లేదు, ఆ రెండు రోజులు మాత్రం మర్చిపోలేను.

అందుకని ఫ్యామిలీ లింక్‌ను పాపను పక్కన కూర్చోబెట్టుకునే పెట్టాను. అసలు పదమూడు నిండిన పిల్లలకు దీన్ని చాటుగా పెట్టడం కుదరదు. వాళ్ల ఖాతాకు పర్యవేక్షణ కలపాలంటే వాళ్ల ఫోన్‌లో వాళ్లే ఒప్పుకోవాలి. ఒప్పుకునే ముందు, అమ్మకు ఏమేం కనిపిస్తాయో పిల్లలకు తెరమీదే చూపిస్తుంది. పాప అది మొత్తం చదివి అడిగింది: "నా మెసేజ్‌లు చదువుతవా?" ఇందులో మెసేజ్‌లు కనిపించవని చూపించాను. అప్పుడు ఒప్పుకున్నది. నాకు ఈ యాప్ మీద నమ్మకం కుదిరింది ఇక్కడే.

పెట్టబోతే మొదటి ముడి పుట్టిన తేదీ దగ్గర పడింది. పాప గూగుల్ ఖాతాను ఫోన్ కొన్న షాపులోనే తెరిపించాం. అక్కడి అబ్బాయి తొందరలో పుట్టిన సంవత్సరం 2000 అని కొట్టాడు. అంటే ఇన్నాళ్లూ ఆ ఫోన్ లెక్కలో నా బిడ్డ పాతికేళ్ల మనిషి! ఇది చిన్న విషయం అనుకోవద్దు. పిల్లల కోసం ఈ కంపెనీలు పెట్టే రక్షణలు చాలావరకు ఆ తేదీ మీదే నడుస్తాయి. తేదీ తప్పయితే అవి పని చేస్తాయన్న నమ్మకం లేదు. మీరు ఈ రివ్యూ నుంచి ఒక్క పనే చేస్తానంటే, మీ పిల్లల ఖాతాలో పుట్టిన తేదీ తెరిచి చూడండి. మా బస్సులో రోజూ ఎక్కే టీచరమ్మకు చెబితే వాళ్లింట్లో కూడా చూసుకున్నారు. ఆమె కొడుకు 1995లో పుట్టినట్టుంది.

బాబుది సులువుగా అయింది. పదమూడు నిండని పిల్లలకు ఖాతానే అమ్మానాన్నలు తెరవాలి కాబట్టి నా ఫోన్ నుంచే అయిపోయింది.

ఇప్పుడు వాడకం. ఎక్కువగా పనికొచ్చింది యాప్‌లకు అనుమతి. పిల్లలు ప్లే స్టోర్‌లో ఏది దించుకోవాలన్నా నా ఫోన్‌కు అడుగుతూ కబురొస్తుంది. నేను సరే అంటేనే దిగుతుంది. బాబు సెలవు రోజున పదకొండు ఆటలు అడిగాడు. మాల్ స్టేజీలో బస్సు ఆగిన ఐదు నిమిషాల్లో అన్నీ చూడలేను కాబట్టి నేను ఒకటే చూస్తాను. ప్లే స్టోర్‌లో ఆట పేరు కింద 3+, 7+, 12+ అని వయసు ఉంటుంది, అది అందరూ చూస్తారు. దాన్ని నొక్కితే ఇంకా కొన్ని మాటలు కనిపిస్తాయి. వాటిలో 'యూజర్స్ ఇంటరాక్ట్' అని ఉంటే, ఆడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చని అర్థం. నాకు కావలసింది ఆ రెండు ముక్కలే. మా పాపను పట్టుకున్నది కత్తులు, తుపాకుల ఆట కాదు. రంగురంగుల ఇళ్లు కట్టుకునే ఆట. లోపల మాట్లాడుకునే తలుపు తెరిచి ఉంది, అంతే. ఆ మాట ఉన్న ఆటను నేను ఇంటికొచ్చి, చాట్ ఆపే వీలుందో లేదో చూశాకే ఇస్తాను. ఒక్కటి గుర్తుంచుకోవాలి: ఒకసారి సరే అన్న యాప్‌ను తీసేసి మళ్లీ దించుకుంటే రెండోసారి మనల్ని అడగదు.

టైం విషయానికొస్తే, రాత్రి తొమ్మిదిన్నరకు రెండు ఫోన్లూ వాటంతటవే మూసుకుంటాయి. నైట్ అవుట్‌లో ఉన్న రోజు ఇది నాకెంత ధైర్యమో చెప్పలేను. మూసుకున్నా వచ్చిన కాల్ ఎత్తవచ్చు, అత్యవసర కాల్ చేయవచ్చు, ఎప్పుడైనా వాడొచ్చని మనం వదిలిన యాప్‌లు పని చేస్తాయి. పరీక్షల ముందు పాప పాఠాల వీడియో కోసం అరగంట ఎక్కువ అడిగితే నేను బస్సులోంచే ఇచ్చాను. ఏ యాప్‌లో ఎంతసేపు ఉన్నారో కూడా చూపిస్తుంది. ఫోన్ ఎక్కడుందో చూపిస్తుంది కానీ, ఆ ఫోన్‌కు నెట్ ఉంటేనే. ట్యూషన్ నుంచి వచ్చిందో లేదో తెలుసుకోవడానికి తప్ప నేను అది వాడను. వాడితే పాపకు ముందే చెప్పి వాడతాను.

ఇది ఏం చేయదో కూడా తెలియాలి, లేకపోతే యాప్ ఉంది కదా అని మనం నిద్రపోతాం. ఇది గడియారం చూస్తుంది, మనిషిని చూడదు. వాట్సాప్‌లో గంట గడిపారని చెబుతుంది, ఎవరితో గడిపారో చెప్పదు. యాప్‌ను ఆపినంత మాత్రాన సరిపోదు, అదే సైటును క్రోమ్‌లో తెరవవచ్చు, కాబట్టి అక్కడ కూడా విడిగా ఆపాలి. ఫోన్‌ను కాపాడుతుంది తప్ప ఇంట్లో ఉన్న మిగతా ఫోన్ల జోలికి పోదు. మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. రెండో నెలలో బాబు టైం సగానికి పడిపోయింది, మంచిగా మారాడని సంబరపడ్డాను. తీరా చూస్తే నానమ్మ ఫోన్‌లో ఆడుతున్నాడు. ఆమె ఫోన్‌కు తాళం లేదు, ఖాతా పెద్దవాళ్లది, అన్నీ తెరిచే ఉన్నాయి.

అత్తమ్మ మీద కోపం రాలేదు. "పిల్లగాడు ఏడుస్తుంటే ఎట్ల ఊకుంటనే?" అన్నది. నిజమే, పొద్దంతా వాళ్లతో ఉండేది ఆమె. పాపకు జరిగింది అప్పటిదాకా ఆమెకు పూర్తిగా చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కడుపు నొప్పి అంటే నేను వాము ఇచ్చిన గదనే" అని కళ్లు తుడుచుకున్నది.

మనిషిని చూసే పని ఆ సోషల్ మీడియా యాప్‌ల లోపలే చేసుకోవాలి. పాపకు ఇన్‌స్టాగ్రామ్ కావాలంది, తరగతిలో అందరికీ ఉందంది. దాని నియమం ప్రకారం పదమూడు నిండాలి, నిండాయి. సరైన పుట్టిన తేదీతో కొత్తగా తెరిచాం. పద్దెనిమిదిలోపు వాళ్లకు అది టీన్ అకౌంట్ అవుతుంది. మన దేశంలో ఇది 2025 ఫిబ్రవరిలో వచ్చింది. ఖాతా దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది. తను ఫాలో అయ్యేవాళ్లు, ముందే పరిచయం ఉన్నవాళ్లు తప్ప మెసేజ్ పెట్టలేరు. రోజుకు అరవై నిమిషాలు దాటితే చాలించమని గుర్తు చేస్తుంది. రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్ల మోత ఉండదు. పదహారులోపు పిల్లలు ఇవి సడలించాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి. దానికి తోడు పర్యవేక్షణ కలుపుకుంటే, గడిచిన ఏడు రోజుల్లో ఎవరెవరికి మెసేజ్ పెట్టిందో పేర్లు కనిపిస్తాయి, లోపల ఏం రాసుకున్నారో కనిపించదు. నాకు ఇది చాలా సరైన గీత అనిపించింది. వీధిలో ఆడుకునే పిల్లలు ఎవరితో ఆడుతున్నారో గడప మీద నిలబడి చూస్తాం, చెవి పెట్టి ప్రతి మాటా వినం.

వాట్సాప్‌లో మేం చేసింది మూడే. ప్రైవసీలో గ్రూపుల దగ్గర 'మై కాంటాక్ట్స్' పెట్టాం, పాప ఫోన్‌లో నంబర్ లేనివాళ్లు ఇప్పుడు ఆమెను నేరుగా ఏ గ్రూపులోనూ కలపలేరు. తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా పెట్టాం. ప్రొఫైల్ ఫోటో కూడా కాంటాక్టులకే. యూనిఫాం ఫోటో తీసేసి బత్తాయి పూత ఫోటో పెట్టుకుంది.

పిల్లల డేటా గురించి మన దేశంలో 2023లో చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. పద్దెనిమిదిలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని, వాళ్లను వెంబడించి ప్రకటనలు చూపొద్దని అందులో ఉంది. ఆస్ట్రేలియాలో పదహారులోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలే లేకుండా 2025 డిసెంబర్ 10 నుంచి అమలు చేస్తున్నారు. డిపోలో ఈ మాట వస్తే సగం మంది మన దగ్గర కూడా అలా చేయాలంటారు. నేను అవుననే అంటాను. కానీ నా పాపకు ఇప్పుడే పద్నాలుగేళ్లు, నేను ఆగలేను.

ఇక నా కొలత దగ్గరికి వస్తాను. డిసెంబర్‌లో ఒక సాయంత్రం ఇబ్రహీంపట్నం దాటాక ఇంటి నుంచి మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. గుండె ఆగినంత పనైంది. యాచారంలో జనం దిగాక చేశాను. పాప ఎత్తింది. "అమ్మా, ఎవరో ఫాలో రిక్వెస్ట్ పెట్టిండ్రు. మా స్కూల్ పేరే ఉంది, కానీ నాకు తెల్వదు. ఒప్పుకోలే. స్క్రీన్‌షాట్ తీసి పెట్టిన. నువ్వొచ్చినంక చూద్దాం." గొంతులో భయం లేదు. అది ఆమె తరగతి అమ్మాయి కొత్త ఖాతా అని మర్నాడు తేలింది. అయినా నాకు ఆ కాల్ చాలా పెద్దది. మేలో నాలుగు రోజులు నోరు విప్పని పిల్ల, డిసెంబర్‌లో పది నిమిషాలు ఆగలేదు.

ఇది యాప్ చేసిన పని అని అనను. తన మెసేజ్‌లు నేను చదవనని ఆమెకు తెలుసు, చెబితే ఫోన్ గుంజుకోనని మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకునే వీలు ఫ్యామిలీ లింక్ నాకు ఇచ్చింది. టైం, యాప్‌ల సంగతి అది చూసుకుంటుంటే రోజూ ఫోన్ గురించి గొడవ పడే అవసరం నాకు లేకుండా పోయింది. ఇంటికొచ్చిన గంట రెండు గంటలు అరవకుండా గడుస్తున్నాయి.

ఐదుకు నాలుగు ఇస్తాను. పిల్లల ఫోన్ ఆండ్రాయిడ్ అయితే నేరుగా పెట్టుకోవచ్చు. పెట్టేటప్పుడు గంట టైం ఉంచుకోండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి, ప్రతి బటన్ ఎందుకో చెప్పండి. మూడు నెలలకోసారి కూర్చుని మళ్లీ చూసుకోండి, ఎందుకంటే పిల్లలు పెరుగుతారు. మేం జనవరిలో కూర్చున్నాం. పాపకు రాత్రి టైం పది దాకా పెంచాం. అత్తమ్మ ఫోన్‌కు పిన్ పెట్టాం. ఆ నంబర్ ఆమె ఎవరికీ చెప్పదు. మొన్న మా ఆయన అడిగినా చెప్పలేదు.